జునిపెర్ గోధుమ రంగు తిరుగుతోందా? ముందు నీళ్లు ఆపండి, మిగతావి తర్వాత చూద్దాం

మీరు రాసింది రెండుసార్లు చదివానండి, ఫోటోలు కూడా పెద్దవి చేసి చూశాను. మే చివర్లో నర్సరీ నుంచి తెచ్చారు, నేల మీద పరుచుకునే రకం జునిపెర్ (సూదుల్లాంటి చిన్న ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉండే చలి కొండల మొక్క), పన్నెండంగుళాల ప్లాస్టిక్ కుండీ, గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద పెట్టారు, రోజూ పొద్దున సాయంత్రం నీళ్లు పోశారు, జులై చివరికి కొనలు గోధుమ రంగు తిరిగాయి, ఎండ దెబ్బేమో అని హాల్లోకి మార్చి నీళ్లు ఇంకాస్త పెంచారు, ఇప్పుడు ఆగస్టులో సగం మొక్క ఎండింది, బతుకుతుందా, బతికితే ఇంటి ముందు నేలలో వెయ్యొచ్చా అని అడిగారు. నేను విజయవాడ గుణదలలో ఉంటాను, పద్నాలుగేళ్లుగా జునిపెర్లు పెంచుతున్నా, మేడ మీద ఇప్పుడు పదకొండు ఉన్నాయి. మొదట తెచ్చిన మూడూ పోయాయండి, మూడూ మీ మొక్క పోతున్నట్టే పోయాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఇవాళే చెయ్యాల్సింది ముందు చెప్పేస్తా. నీళ్లు పూర్తిగా ఆపండి, మళ్లీ ఎప్పుడు పొయ్యాలో కింద చెప్తా. హాల్లోంచి బయటకి తీసెయ్యండి, ఫ్యాన్ కింద, ఏసీ గదిలో, కిటికీ పక్కన ఎక్కడ పెట్టినా ఇది బతకదు, ఇది ఇంట్లో మొక్క కానే కాదు. మేడ మీద పొద్దుటెండ మూడు నాలుగు గంటలు పడి, మధ్యాహ్నం నీడ వచ్చే చోటు చూసి, వాన నేరుగా కుండీలో పడకుండా సన్‌షేడ్ కిందో రేకు కిందో పెట్టండి, గాలి మాత్రం బాగా ఆడాలి. కుండీ కింద ప్లేటు ఉంటే తీసి అవతల పారెయ్యండి. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి ఒక పక్కకి కొంచెం వంచితే లోపల నిలబడ్డ నీరు కూడా ఓ పూటలో కారిపోద్ది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మొక్కతో మనవాళ్లందరూ దెబ్బతినేది ఒక్కచోటే. గులాబీకో మందారానికో వేరు చెడితే రెండో రోజు ఆకు వాలిపోద్ది, మనకి అర్థమైపోద్ది. జునిపెర్ అలా వాలదు. ఆకు చిన్నది, గట్టిది, పైన మైనపు పూత ఉంటది, వేరు చచ్చిపోయాక కూడా ఆకుల్లో ఉన్న తేమతోనే మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు పచ్చగానే కనిపిస్తది. చావు కబురు చల్లగా చెప్తది అన్నమాట. అందుకే జులై చివర్లో మీకు కనిపించిన గోధుమ రంగు జులైలో జరిగినదాని వల్ల వచ్చింది కాదు, జూన్‌లో వేరుకి ఏం జరిగిందో అది. జూన్‌లో మృగశిర కార్తె వానలు మొదలయ్యాయి, మీరు వేసవి లెక్కలోనే రెండు పూటలా పోస్తూ ఉన్నారు, వేరుకి ఊపిరాడలేదు, కుళ్లింది. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు, లాగలేక కొన ఎండింది, కొన ఎండిందని మీరు ఇంకా పోశారు. మీ తప్పని అనట్లేదండి, చూసేవాళ్లకి అది దాహంలాగే కనిపిస్తది, నేనూ మొదటి మొక్కకి సరిగ్గా ఇదే చేశా, రెండో మొక్కకి కూడా.

బతికే ఛాన్స్ ఉందో లేదో గోరుతో తెలిసిపోద్ది. మొదలు దగ్గర లావు కాండం మీద బెరడుని గోరుతో చిన్నగా గీరండి, అగ్గిపుల్ల తలంత చాలు. కింద తడిగా లేత పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఎండుగడ్డి రంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయినట్టే. మొదలు దగ్గర మొదలెట్టి ఒక్కో కొమ్మ మీద పైకి వెళ్తూ చూడండి, ఏ కొమ్మ ఎక్కడిదాకా బతికుందో తేలుద్ది. ఆకుల్ని కూడా పట్టుకుని చూడండి, గోధుమ రంగు వచ్చిన ఆకు మళ్లీ పచ్చబడదు, ఏ మందు కొట్టినా పడదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పచ్చగా ఉన్నదాన్ని వేళ్లతో మడిస్తే మెత్తగా వంగాలి, చిటుక్కున విరిగి పొడి రాలితే అది కూడా పోయిందే, రంగు ఇంకా మారలేదంతే.

అన్ని గోధుమ రంగులూ ఒకటి కాదు, ఇది కూడా చెప్పాలి. మొక్క లోపలివైపు, కాండానికి దగ్గర్లో, నీడలో ఉండే పాత ఆకులు ఎండి రాలడం మామూలే, కంగారు అక్కర్లేదు, చేత్తో దులిపేస్తే సరి. వానాకాలంలో లేత చిగుళ్ల కొనలు మాత్రమే రెండు మూడంగుళాలు ఎండుతూ, మిగతా కొమ్మ బాగుంటే అది కొన ఎండు తెగులు, ఆ కొనలు పచ్చభాగం దాకా కత్తిరించి పారేసి సాయంత్రం పూట ఆకు మీద నీళ్లు కొట్టడం మానేస్తే చాలావరకు ఆగుద్ది. ఆకు అంతా దుమ్ము పట్టినట్టు బూడిదగా, చుక్కలు చుక్కలుగా పాలిపోతే నల్లి, అంటే ఆకు రసం పీల్చే సన్న పురుగు, దాని గురించి కింద చెప్తా. కొమ్మకి కొమ్మ మొదలు నుంచి కొన దాకా ఎండుతూ, రోజులు గడిచేకొద్దీ పక్క కొమ్మకి పాకుతూ ఉంటే అది వేరు సంగతి. మీ రెండో ఫోటోలో కుడివైపు ఉన్నది ఇదేనండి.

గోరు పరీక్షలో పచ్చ కనిపిస్తే కుండీలోంచి మెల్లగా తీసి వేరు చూడండి. మామూలుగా వానల్లో కుండీ మార్చమని నేను ఎవరికీ చెప్పను, కానీ కుళ్లు వాసన వస్తుంటే వెయిట్ చెయ్యకూడదు. ముందు వాసన చూడండి, మంచి మట్టి వాసన వస్తే ముట్టుకోకుండా అలాగే తిరిగి పెట్టేసి ఆరనివ్వండి చాలు. మురుగు వాసన వచ్చి, వేళ్లు నల్లగా ఉండి, పట్టుకు లాగితే పై తొక్క ఊడి లోపల దారం లాంటిది మిగిలితే అవన్నీ శుభ్రమైన కత్తెరతో తీసెయ్యండి. ఇక్కడ మీకు ఇంకోటి కూడా కనిపిస్తదని నా అనుమానం, మధ్యలో గట్టి బంకమట్టి ముద్ద. నర్సరీల్లో మొక్క లారీల్లో దూరం వెళ్లినా వేరు కదలకుండా ఉండాలని ఎర్ర బంకమట్టిలో పెంచుతారు, వాళ్ల పనికి అది అవసరమే, కానీ మనం ఆ ముద్దని అలాగే తెచ్చి చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీ కంపోస్ట్ పోసి కుండీ నింపుతాం. పై మట్టి ఆరిపోయినట్టు కనిపిస్తది, లోపల ముద్ద వారం రోజులు తడిగానే ఉంటది. వేసవిలో ఇంకో రకం, ఒకసారి ఆ ముద్ద ఎండి బిగుసుకుంటే పోసిన నీళ్లు పక్కల నుంచి జారి కిందకి పోతాయి, ముద్దలోకి చుక్క దిగదు. కుండీ ఒకటే, లోపల రెండు రకాల మట్టి, మొక్కకి రెండు వైపులా నష్టం.

ఆ ముద్ద మొత్తం ఒక్కసారి కడిగెయ్యొద్దు, జునిపెర్ వేళ్లు పూర్తిగా కడిగితే చాలాసార్లు తేరుకోదు, వేళ్ల మీద దానికి మేలు చేసే ఒక రకం బూజు కూడా ఉంటది, అది కూడా పోద్ది. ఇప్పుడైతే కుళ్లిన వేళ్లు ఉన్న పక్క మాత్రమే పుల్లతో మెల్లగా మట్టి రాల్చండి, మిగతా ముద్దలోకి పెన్సిల్ లావు పుల్లతో పై నుంచి కింద దాకా ఐదారు బొక్కలు పొడిచి వాటిలో ముతక ఇసుక పొయ్యండి. బతికి బయటపడితే డిసెంబర్ చివర్లో, సంక్రాంతి లోపు సగం ముద్ద, ఆ పై ఏడాది మిగతా సగం మార్చుకోవచ్చు. మన దగ్గర దీని కుండీ మార్చడానికి అదే మంచి టైము, ఎండ మెత్తగా ఉంటది, వేరు ఉగాది దాకా హాయిగా పాకుద్ది.

మట్టి సంగతికి వస్తే నేను వాడేది చెప్తా. ముతక కృష్ణా ఇసుక ఒక వంతు, శనగగింజంత ఇటుక ముక్కలు గానీ సన్న కంకర చిప్స్ గానీ ఒక వంతు, ఎర్రమట్టి ఒక వంతు, వర్మీ కంపోస్ట్ ముప్పావు వంతు. కోకోపీట్ వేస్తే పిడికెడు, అంతే, మన వానలకి అది స్పాంజి లాగా పట్టుకుని వదలదు. ఇసుకనీ ఇటుక ముక్కల్నీ పిండి జల్లెడలో జల్లించి కింద పడే మెత్తటి పొడి పారబోయండి, ఇది చాలామంది బద్ధకిస్తారు, ఆ పొడే కింద పేరుకుని సిమెంటు లాగా పట్టేస్తది. కలిపాక ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి, నీళ్లు పైన నిలబడకుండా పోసినంత స్పీడుగా కిందకి దిగితే మట్టి రెడీ. కింద కంకర పొర వేసి పైన బంకమట్టి వేస్తే సరిపోద్ది అనుకోవద్దు, దానివల్ల ఏం ఉపయోగం లేదు, పై మట్టి నుంచి నీరు కంకరలోకి తేలిగ్గా దిగదు, అక్కడే ఆగుద్ది, మట్టి మొత్తం ఒకేలా గరుగ్గా ఉండాలి. కుండీ మట్టిదైతే మేలు, వెడల్పు ఎక్కువ లోతు తక్కువ ఉన్నది చూడండి, పాకే రకం అందులో చూడ్డానికి కూడా బాగుంటది.

కుళ్లు బాగా ఉంటే మెటలాక్సిల్, మాంకోజెబ్ అనే తెగులు మందులు కలిసిన పొడి లీటరుకి రెండు గ్రాములు కలిపి మొదట్లో ఒకసారి పోయొచ్చు, గుంటూరులో ఏ పురుగుమందుల షాపులో అడిగినా ఇస్తారు. కానీ చచ్చిన వేరుని అది లేపదు, మిగిలినదాన్ని కాపాడుద్దంతే. దాంతోపాటే ట్రైకోడెర్మా (కుళ్లుని అడ్డుకునే, మేలు చేసే బూజు) వెయ్యొద్దు, మాంకోజెబ్ దాన్ని కూడా చంపేస్తది, కావాలంటే నెల తర్వాత వర్మీ కంపోస్ట్‌లో కలిపి వేసుకోండి. ఎరువు ఇప్పుడు చిటికెడు కూడా వద్దు. వేరు లేని మొక్కకి ఎరువెయ్యడం జ్వరంతో పడుకున్నవాడికి బిర్యానీ పెట్టినట్టు.

అసలు ఈ మొక్క ఎక్కడిదో తెలిస్తే ఇవన్నీ గుర్తుపెట్టుకోవక్కర్లేదు, వాటంతట అవే అర్థమవుతాయి. జునిపెర్ జాతులు చాలా ఉన్నాయి, మన దేశంలో అయితే హిమాలయాల్లో ఉంటాయి, లడఖ్‌లో శుక్పా అని దీని ఆకుల్ని ధూపం వేస్తారు, ఆయుర్వేదంలో హపుష అనేది కూడా జునిపెర్ కాయే. రాళ్ల సందుల్లో, ఏటవాలు కొండ మీద, చలి, పొడి గాలి, నీళ్లు వచ్చినా క్షణం నిలవవు. నేల మీద పాకే రకాలు ముఖ్యంగా జపాన్ నుంచీ ఉత్తర అమెరికా నుంచీ వచ్చాయి. జపాన్ ప్రొకంబెన్స్ అనేది, అందులోనే పొట్టిది నానా అంటారు, అడుగు ఎత్తు కూడా లేవదు కానీ ఏళ్ల మీద నాలుగైదు అడుగులు పరుచుకుంటది. హారిజాంటాలిస్ అనేది అమెరికా, కెనడాది, అరడుగు ఎత్తులో చాప పరిచినట్టు ఉండే నీలం రకాలు ఎక్కువగా దాంట్లోవే, గూగుల్లో అందంగా కనిపించేవి చాలావరకు ఇవే, వీటికి గట్టి చలికాలం కావాలి, బెజవాడ గుంటూరు చలి వీటికి చలే కాదు, రెండు మూడేళ్లు బతికి నీరసించి పోతాయి, వీటి మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. కన్‌ఫెర్టా అని జపాన్ సముద్ర తీరపు ఇసుకలో పెరిగేది ఒకటుంది, ఉప్పుగాలికి ఇసుకకి తట్టుకుంటది, దొరికితే వదలొద్దు. మన వేడికి నా దగ్గర నిలబడినవి చైనెన్సిస్ అనే చైనా జునిపెర్ రకాలూ, ప్రొకంబెన్సూ. నర్సరీలో ఈ పేర్లేవీ ఉండవు, అన్నిటినీ జునిపెర్ అనే అంటారు, కాబట్టి మే నెల దాటి ఆ నర్సరీలోనే ఒక ఏడాది ఉన్న మొక్క ఏదో అడిగి అది తెచ్చుకోండి, బయట ఊళ్ల నుంచి కొత్తగా దిగిన లోడు వద్దు. ఒక వేసవి ఇక్కడ గడిపిన మొక్క ఏ పేరున్నా మేలే.

ఇంకో గందరగోళం, థూజాని కూడా కొన్నిచోట్ల జునిపెర్ అని అమ్ముతారు. థూజా ఆకు విసనకర్ర లాగా బల్లపరుపుగా ఉంటది, మయూర్‌పంఖి అనేది అదే, పట్టుకుంటే మెత్తగా ఉంటది, మన ఎండకి దీనికంటే బాగా తట్టుకుంటది. జునిపెర్ ఆకు లేతప్పుడు సూదుల్లా గుచ్చుకుంటది, వయసొచ్చాక కొన్ని రకాల్లో పొలుసుల్లాగా కాండానికి అతుక్కుని తాడు పేనినట్టు అవుద్ది, ఒకే మొక్క మీద రెండు రకాలూ ఉండొచ్చు. మీది గుచ్చుకునేదే, ఫోటోలో క్లియర్‌గా ఉంది. చేతులకి కొంతమందికి దురద దద్దుర్లు వస్తాయి, పని చేసేటప్పుడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి.

నీళ్ల దగ్గరకి మళ్లీ వస్తా, ఎందుకంటే మిగతావన్నీ తప్పినా ఇది సరిగ్గా ఉంటే మొక్క బతుకుద్ది. రోజుకి ఇన్నిసార్లు అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఐస్ పుల్ల ఒకటి కుండీలో మూడంగుళాలు గుచ్చి ఉంచండి, పొద్దున్నే తీసి చూడండి, చివర నల్లబడి చల్లగా తగిలితే ఆ రోజు పొయ్యొద్దు, కొంచెం తేమ మాత్రమే తెలుస్తుంటే పొయ్యండి, పోసినప్పుడు కింద బొక్కల్లోంచి ధారగా వచ్చేదాకా పొయ్యండి. చెంచాడు చెంచాడు రోజూ పొయ్యడం పనికిరాదు, తడిస్తే మొత్తం తడవాలి, తర్వాత గాలి దూరాలి. నా లెక్కలో ఇది వానాకాలంలో ఒక్కోసారి పది రోజులకి ఒకసారి అవుద్ది, అసలు వానలే చాలు కూడా, చలికాలంలో మూడు నాలుగు రోజులకి, ఏప్రిల్ మేలో మాత్రం రోజూ పొద్దున తప్పనిసరి, రోహిణి కార్తెలో చిన్న కుండీలకి సాయంత్రం కూడా. పూర్తిగా ఎండనివ్వడం కూడా తప్పేనండి, ఒక్కసారి లోపల దాకా ఎండితే అదీ మూడు వారాల తర్వాతే బయటపడుద్ది.

వేసవిలో ఇంకో ప్రమాదం పైపు. మేడ మీద ఎండలో పడున్న పైపులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, ట్యాంకు నీళ్లు కూడా అంతే, ఆ మొదటి నీళ్లు వేరు మీద పోస్తే ఉడకబెట్టినట్టే. పొద్దున ఆరున్నర ఏడు లోపు పొయ్యండి, పైపు వాడితే మొదట ఒక బకెట్ నీళ్లు వదిలెయ్యండి. శ్లాబు మీద నేరుగా కుండీ పెట్టొద్దు, ఇటుకల మీద ఎత్తండి, నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే దాన్ని ఇంకో పెద్ద మట్టికుండీలో దించి సందులో ఇసుక పోస్తే వేరు దగ్గర వేడి బాగా తగ్గుద్ది. మార్చి చివరి నుంచి జూన్ వానలదాకా యాభై శాతం షేడ్ నెట్ కిందైనా, మధ్యాహ్నం నీడ పడేలా గోడకి తూర్పు వైపునైనా ఉండాలి. పొద్దుటెండ మాత్రం పన్నెండు నెలలూ కావాలి, ఎండ తక్కువైతే మొక్క బోసిగా సాగిపోద్ది, లోపలంతా బోడి అవుద్ది. నడివేసవిలో ఇది ఎదగదు, ఊరికే ప్రాణం పట్టుకుని ఉంటది, అప్పుడు ఎదగట్లేదని ఎరువులెయ్యొద్దు. ఎదిగేది వానలు తగ్గాక, దీపావళి నుంచి ఫిబ్రవరి దాకా. ఎరువు అప్పుడే, వర్మీ కంపోస్ట్ రెండు పిడికిళ్లు, వేపపిండి ఒక పిడికెడు, దీపావళి తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఇక చాలు.

మీరు బోరు నీళ్లు పోస్తున్నారని రాశారు, కుండీ అంచున తెల్ల పొర కూడా కనిపిస్తోంది, అది ఉప్పు. మున్సిపల్ కుళాయి నీళ్లు వస్తే అవే వాడండి, వాన నీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా బాగానే పనికొస్తాయి, ఉప్పుండదు. ఆర్ఓ మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే పోగవుద్ది.

నేలలో వెయ్యడం గురించి. మీ ఇంటి ముందు నల్లరేగడి అన్నారు, అందులో గుంట తీసి మంచి మట్టి నింపి వేస్తే చాలని అందరూ చెప్తారు, దయచేసి అలా చెయ్యొద్దు. నల్లరేగడిలో గుంట తీస్తే అది తొట్టి, చుట్టూ నీరు ఇంకదు, వాన పడ్డ నీరంతా మీరు నింపిన గుల్ల మట్టిలోకే వచ్చి కూర్చుంటది. దానికి బదులు నేల మీదే అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ కట్టండి, చుట్టూ రాళ్లు పేర్చి పైన చెప్పిన గరుకు మట్టే పోసి మొక్క మొదలు మట్టి కంటే రెండంగుళాలు పైకి ఉండేలా పెట్టండి, మొదలు చుట్టూ చిప్స్ పరవండి. పాకే రకం రాళ్ల మీద నుంచి కిందకి జారుతూ పెరిగితే దాని అందమే వేరు. రెండు మొక్కల మధ్య కనీసం మూడున్నర అడుగులు వదలాలి, ఇప్పుడు బోసిగా ఉన్నా సరే.

ఈ ఎత్తు సంగతి నాకు 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడని ముంచినప్పుడు బాగా తెలిసింది. సింగ్‌నగర్‌లో మా బావగారింటికి నేను ఇచ్చిన జునిపెర్లు నాలుగు ఉండేవి, మూడు వాకిట్లో కుండీల్లో, ఒకటి మెట్ల పక్కన ఎత్తు గట్టు మీద. రోజుల తరబడి నీళ్లు, మనుషులకే తిండి లేదు, మొక్కల గురించి ఎవరు చూస్తారు. నీళ్లు తీశాక నేను వెళ్తే నాలుగూ బురద కొట్టుకుని ఉన్నాయి కానీ పచ్చగానే ఉన్నాయి, అక్కయ్య సంతోషపడింది, ఇవైనా మిగిలాయిరా అంది. నాకు తెలుసు, కానీ ఆ టైములో చెప్పలేకపోయా. బురద కడిగి వచ్చేశా. దసరాకి వెళ్తే కుండీల్లో మూడూ కొనలు రంగు మారుతున్నాయి, దీపావళికి మూడూ పూర్తిగా పోయాయి. గట్టు మీదది కింది కొమ్మలు పోగొట్టుకుని బతికింది, దాని వేరు పైసగం మునగలేదు, అదే కాపాడింది. ఇప్పుడు ఆ గట్టంతా కప్పేసింది.

నల్లి గురించి చెప్తానన్నా కదా. గుంటూరు వాళ్లకి నల్లి గురించి వేరే చెప్పక్కర్లేదు, మిరప చేలో కింది ముడత తెచ్చేది కూడా నల్లి జాతే, జునిపెర్ మీదకి ఎక్కువగా వచ్చేది గూడు అల్లే ఎర్రనల్లి. మార్చి నుంచి జూన్ దాకా చూసుకోవాలి. తెల్ల కాగితం కొమ్మ కింద పట్టుకుని కొమ్మని గట్టిగా తట్టండి, రాలిన దుమ్ములో చుక్కలు నడుస్తుంటే నల్లి ఉన్నట్టు, వేలితో రాస్తే ఎర్రటి గీత పడుద్ది. కొంచెమే ఉంటే పొద్దున పూట పైపు నీళ్లు కింది నుంచి పైకి గట్టిగా కొడితే మూడు నాలుగు రోజుల్లో తగ్గుద్ది, ఎక్కువుంటే నీళ్లలో కలిసే గంధకం లీటరుకి మూడు గ్రాములు సాయంత్రం పూట, ఎండలు మండే రోజుల్లో మాత్రం గంధకం కొట్టొద్దు, ఆకు మాడుద్ది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వద్దు. నీలం రంగు రకాలకి వేపనూనె కొడితే ఆ నీలం పూత కరిగిపోయి మామూలు పచ్చగా తేలుద్ది, చచ్చిపోదు కానీ చూసి బాధపడతారు.

కత్తిరింపు విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తా. ఆకు లేని బోడి కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. మందారం, కాగితపు పూల చెట్టు మొండెం మిగిల్చినా చిగురేస్తాయి, ఇది వెయ్యదు. ఎప్పుడు కోసినా ఆ కొమ్మ మీద పచ్చ ఆకు మిగలాలి, పక్కకి వెళ్లే పచ్చ కొమ్మ దగ్గర ఆపాలి. కంచె కత్తిరించినట్టు పైన సమంగా కత్తిరించొద్దు, సగం తెగిన సూదులన్నీ కొనలు ఎర్రబడతాయి. లోపల గుబురుగా ఉన్నచోట ఒకటీ అరా కొమ్మ మొదటికి తీసి గాలి వెలుతురు వెళ్లేలా చెయ్యండి, డిసెంబర్ జనవరిలో. మీ మొక్కకి ఇప్పుడు చచ్చిన కొమ్మలు తప్ప ఒక్క పచ్చ ఆకు కూడా తియ్యొద్దు, తేరుకోవడానికి దానికి ఆ ఆకులే దిక్కు.

చివరగా, మీ మూడో ఫోటోలో ఎడమవైపు కుండీ అంచు మీద నుంచి కిందకి వేలాడుతున్న కొమ్మ ఒకటుంది చూడండి, అది పూర్తి పచ్చగా ఉంది. గోరుతో గీరి అది బతికుందని తేలితే పక్కన ఇటుక మీద చిన్న కుండీ పెట్టి, ఇసుక, వర్మీ కంపోస్ట్ సగం సగం పోసి, ఆ కొమ్మ ఈ చిన్న కుండీ మట్టిని తాకే చోట కింది ఆకులు తీసేసి బెరడు కొంచెం గీరి మట్టిలోకి వంచి, యూ ఆకారంలో వంచిన తీగ ముక్కతో గుచ్చి పైన చిన్న రాయి పెట్టండి. నేల అంటు అన్నమాట, పాకే జునిపెర్లు కొండల మీద వాటంతట అవే ఇలా వేళ్లేసుకుంటూ వెళ్తాయి. ఆ చిన్న కుండీ కొంచెం తేమగా ఉంచండి, పెద్ద కుండీ మాత్రం ఐస్ పుల్ల చెప్పినప్పుడే. ఫిబ్రవరి దాకా కదపొద్దు, తర్వాత మెల్లగా లాగి చూస్తే పట్టు తెలుస్తది, పట్టు ఉంటే తల్లి నుంచి కోసి వేరు చెయ్యొచ్చు. తల్లి మొక్క పోయినా పిల్ల మిగులుద్దని ఆశ, అది కూడా మన గుంటూరు ఎండలో పుట్టిన వేరుతో. గోరు పరీక్షలో మొదలు దగ్గర ఏ రంగు కనిపించిందో, వేరు వాసన ఎలా ఉందో రాయండి, రెండు మూడు వారాల్లో ఇంకో ఫోటో పెట్టండి, చూసి చెప్తా.